వేలి ఆక్సీమీటర్: నచ్చిన అంకె కోసం వేళ్లు మార్చకండి

కోవిడ్ రోజుల్లో, 2021 ఏప్రిల్, మే నెలల్లో మెడికల్ షాపుల చుట్టూ తిరిగినా దొరకని ఈ క్లిప్పు, ఇప్పుడు చాలా ఇళ్లల్లో బీరువా అరలో పడి ఉంది. పరికరం మంచిదే. భయంలో దాన్ని వాడిన తీరే ప్రాణాల మీదకు తెచ్చేది. రక్తంలో ఆక్సిజన్ శాతం 91 అని వస్తే వేలు మార్చడం, గట్టిగా ఊపిరి పీల్చి మళ్లీ పెట్టడం, 96 కనపడగానే తీసేసి ‘బానే ఉంది’ అనుకోవడం. ఈ లోపు ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయం దాటిపోతుంది.

కొంటే, నాడితో పాటు కదిలే గీత చూపించేదే కొనండి. ఆ గీత ఒక తీరుగా కాకుండా గజిబిజిగా కదులుతుంటే పక్కనున్న అంకెకు విలువ లేదు. షాపులోనే వేలికి బదులు పెన్సిల్ పెట్టి చూడండి. నిలకడగా 98 చూపిస్తే అక్కడే తిరిగిచ్చేయండి.

ఇది ఎర్ర కాంతినీ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిలోంచి పంపి, ఎంత దాటి వచ్చిందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. అందుకే ముదురు నెయిల్ పాలిష్, నల్ల మెహందీ, చల్లబడ్డ వేళ్లు, వణుకు దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి, చేతులు రుద్ది వెచ్చబరచండి, మధ్యవేలు పెట్టి చెయ్యి ఛాతీకి ఆనించుకోండి. పెట్టగానే వచ్చే అంకెను వదిలేసి, నిమిషం ఆగాక నిలబడినదాన్ని టైముతో సహా రాసుకోండి. రోజుకు మూడు నాలుగుసార్లు, అదే వేలికి.

రెండు పాయింట్ల తేడా మామూలే. 97 కాస్తా 95 అయితే కంగారు అక్కర్లేదు, రోజు రోజుకీ దిగుతుంటే మాత్రం పట్టించుకోండి. కోవిడ్‌లో 94 కన్నా తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి, 90 కన్నా తగ్గితే ఆస్పత్రికే. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లకు ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మన ఇళ్లల్లో ఇది గుర్తుండాలి. ఆయాసం వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, మనిషి మాట తడబడుతున్నా, అంకె 96 అయినా సరే బయల్దేరండి.

ఇంట్లో అందరూ ఒకటే వాడుతుంటే మనిషి మనిషికీ మధ్య స్పిరిట్ దూదితో లోపలి రబ్బరు తుడిచి, ఆరనివ్వండి. స్ప్రే కొడితే సెన్సర్‌లోకి తడి దిగుతుంది. దాచేటప్పుడు సెల్స్ తీసెయ్యండి. నెలల తరబడి అందులోనే ఉంటే అవి కారి స్ప్రింగులు తుప్పు పడతాయి, అవసరమైన రాత్రి స్క్రీన్ వెలగదు.