ఉమ్మడి డబ్బా, ఎవరి ఖర్చు వాళ్లదా?

నెల్లూరు నుంచి నలుగురు స్నేహితులు చెన్నైలో విమానమెక్కి వియత్నాంలోని హనోయి, దనాంగ్, హోచిమిన్ సిటీ చుట్టొద్దామనుకున్నారు. 25 డాలర్ల ఈ-వీసా ఎలాగూ ఎవరిది వాళ్లదే. పేచీ అంతా అక్కడ దిగాకే: తలా ఇంత వేసి ఒకరి చేతిలో ఉమ్మడి డబ్బు పెట్టడమా, లేక విడిగా ఎవరికి వాళ్లు ఖర్చుపెట్టి తర్వాత లెక్క తేల్చుకోవడమా?

ఖర్చు: ఉమ్మడైతే ఒకేసారి పెద్ద మొత్తం తీస్తారు, ఏటీఎం రుసుములు తగ్గుతాయి. విడిగా ఎవరి క్రెడిట్ కార్డు వాళ్లు గీకితే, చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ రుసుము), పైన జీఎస్టీ.

శ్రమ: ఉమ్మడిలో డబ్బు పట్టుకున్నోడికి నిద్రుండదు. వియత్నాంలో 20 వేల డాంగ్ నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. రాత్రిపూట టాక్సీలో ఒకటనుకుని ఇంకోటి ఇచ్చేస్తే గోవిందా! విడిగా అయితే ఖర్చుల లెక్క పంచే యాప్ స్ప్లిట్‌వైజ్‌లో అప్పటికప్పుడు ఎక్కించాలి. ‘రాత్రికి రాద్దాంలే’ అన్నారంటే అంతే సంగతులు.

రిస్క్: పర్సు పోతే ఉమ్మడి జట్టంతా రోడ్డు మీదే.

తిండి దగ్గరే అసలు టెన్షన్. రొయ్యలు, బీరు బిల్లులో శాకాహారి వాటా ఎందుకిస్తాడు?

అలవాట్లు, జీతాలు దగ్గరదగ్గరగా ఉంటే ఉమ్మడే హాయి. హనోయి నుంచి హోచిమిన్ సిటీకి ఒకరు విమానం, ఇంకొకరు 30 గంటలు దాటే రైలు కావాలంటే విడివిడే మేలు. నేనైతే గదులు, టాక్సీలు ఉమ్మడిలో పెట్టి, ప్లేటు ఎవరిది వాళ్లకే వదిలేస్తాను.