ఏసెక్సువల్ జెండా రంగులు చూపించి అమ్ముతున్న కౌన్సెలింగ్ ప్యాకేజీ: డబ్బు కట్టేముందు దయచేసి చదవండి

ఏసెక్సువల్ వ్యక్తుల కోసమే, అంటే ఎవరిపట్లా లైంగిక ఆకర్షణ కలగని లేదా బహు అరుదుగా కలిగే వారి కోసమే, ప్రత్యేకంగా రూపొందించామని చెప్పుకుంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక కౌన్సెలింగ్ ప్యాకేజీని నేను 14,999 రూపాయలు చెల్లించి కొన్నాను. ప్రకటనలో చెప్పిన సేవ అందలేదు సరికదా, నన్ను ‘మామూలు మనిషిని’ చేస్తామంటూ వైద్యం మొదలుపెట్టారు, నేను నమ్మి చెప్పుకున్న మాటలను నా అనుమతి లేకుండా తమ ప్రచారానికి వాడుకున్నారు, డబ్బు వెనక్కి ఇమ్మంటే మొండిచేయి చూపించారు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందువల్ల ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వారు పేరు మార్చుకుని మళ్లీ వచ్చినా మీరు పోల్చుకోగలిగేలా, వారు అమ్మే పద్ధతిని మాత్రం వివరంగా రాస్తున్నాను.

ప్రకటన మొత్తం నలుపు, బూడిద, తెలుపు, ఊదా రంగుల్లో ఉంటుంది. ఇవి 2010లో ఏసెక్సువల్ వ్యక్తులు తమలో తాము చర్చించుకుని, ఓటు వేసి ఎంచుకున్న జెండా రంగులు. 2001లో డేవిడ్ జే ప్రారంభించిన ఏవెన్ అనే వేదిక మొదలుకొని, ఎక్కడెక్కడో ఒంటరిగా ఉన్నవారు ఇంటర్నెట్‌లోనే ఒకరినొకరు వెతుక్కుని, తమలాంటివారు ఇంకా ఉన్నారని తెలుసుకోగలిగారు. ఏటా ఏప్రిల్ 6న అంతర్జాతీయ అలైంగికత (ఏసెక్సువాలిటీ) దినం జరుపుకోవడం కూడా ఆ కృషి ఫలితమే. ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న గుర్తింపును ఈ అమ్మకందారులు గాలానికి ఎరగా గుచ్చారు. ‘మీలో లోపం లేదు, మీరు మారనక్కర్లేదు’ అని పెద్ద అక్షరాల్లో రాసి, దాని కింద మూడు హామీలు ఇచ్చారు: అర్హత ఉన్న సైకాలజిస్టుతో ప్రతి వారం మాట్లాడే అవకాశం, తెలుగు మాట్లాడే ఏస్ (ఏసెక్సువల్) వ్యక్తులతో ఒక వాట్సాప్ గ్రూపు, పెళ్లి ఒత్తిడి గురించి ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ. సంబంధాలు చూస్తున్న ఇంట్లో, ప్రతి పండక్కీ ఎవరో ఒకరు ‘ఏమైనా సమస్యా, డాక్టరుకు చూపించారా’ అని చెవిలో గుసగుసలాడుతున్నప్పుడు ఈ మూడు హామీల విలువ ఎంతటిదో మనలో చాలామందికి వివరించి చెప్పనవసరం లేదు.

డబ్బు కట్టిన తరువాత మాట మారింది. మొదటి సంభాషణకు వచ్చినది సైకాలజిస్టు కాదు, ‘వెల్‌నెస్ కోచ్’ అని పరిచయం చేసుకున్న వ్యక్తి. చదువు ఏమిటని అడిగితే జవాబు దాటవేసి, చిన్నతనంలో నాకేదైనా చేదు అనుభవం జరిగిందా, ఇంట్లో కట్టుబాట్లు ఎక్కువా, ఎప్పటినుంచి ‘ఇలా’ ఉన్నాను అని తరచి తరచి అడిగి, చివరకు నాలో కోరిక నిద్రపోతోందనీ దాన్ని లేపడమే ఈ కార్యక్రమం ఉద్దేశమనీ తేల్చేశారు. ఆ వెంటనే వారు చెప్పిన ల్యాబులోనే రక్తపరీక్షలు చేయించుకోవాలన్నారు. తరువాత కొరియర్‌లో వెండి రంగు పౌచ్ ఒకటి వచ్చింది. దాని మీద సంస్థ స్టిక్కరు, ‘రాత్రి పాలతో రెండు’ అన్న చేతిరాత తప్ప మరేమీ లేదు. లోపలి క్యాప్సూల్స్‌లో ఏముందో రాయలేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు, ఆహార సప్లిమెంటుకు ఉండవలసిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు గానీ ఆయుర్వేద మందుకు ఉండవలసిన తయారీ లైసెన్సు నంబరు గానీ లేదు. నేను వాటిని మింగలేదు. ఫొటోలు తీసి, పౌచ్‌ను అలాగే సాక్ష్యంగా ఉంచాను. మీకు వస్తే మీరూ దయచేసి నోట వేసుకోకండి.

ఈ వైద్యం ఎందుకు తప్పో స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆ కోచ్ మాటలు వింటున్నప్పుడు అవి శాస్త్రీయంగానే అనిపిస్తాయి. ఎవరిపట్లా లైంగిక ఆకర్షణ కలగకపోవడం, లేదా బహు అరుదుగా మాత్రమే కలగడం ఏసెక్సువల్ వ్యక్తుల స్వభావం. ఇది బ్రహ్మచర్యం లాగా పట్టిన వ్రతం కాదు, భయమూ కాదు. ఏసెక్సువల్ వ్యక్తులలో ప్రేమలో పడేవారున్నారు, పెళ్లి, తోడు కోరుకునేవారున్నారు, అవేవీ అక్కర్లేనివారూ ఉన్నారు. 1948లోనే అమెరికా పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ, లైంగిక ఆకర్షణను వర్గీకరించే తన కొలబద్దలో ఇమడనివారికి ‘ఎక్స్’ అని వేరే వర్గం పెట్టవలసి వచ్చింది. 2004లో ఆంథొనీ బొగార్ట్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 18,000 మందికి పైగా ఇచ్చిన సమాధానాలను పరిశీలించినప్పుడు, దాదాపు ఒక శాతం మంది తమకు ఎవరిపట్లా లైంగిక ఆకర్షణ కలగలేదని చెప్పినట్టు తేలింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 అనే రోగనిర్ధారణ గ్రంథం, ఒక వ్యక్తి తాను ఏసెక్సువల్ అని గుర్తించుకుంటే, జీవితాంతం కోరిక లేకపోవడానికి అదే తగిన వివరణ అయితే, ‘లైంగిక ఆసక్తి లోపం’ అని రోగం అంటగట్టకూడదని చెబుతోంది. అంటే మానసిక వైద్యులే రోగం కాదని పక్కన పెట్టినదాన్ని, ఏ అర్హతా చూపించని మనిషి మనకు రోగంగా అమ్ముతున్నాడు. అయితే మొదటినుంచీ ఉన్న కోరిక ఉన్నట్టుండి తగ్గిపోతే, దానితోపాటు అలసట, దిగులు వంటివి కనిపిస్తే, లేదా కొత్త మందు మొదలుపెట్టాక అలా జరిగితే, అది వేరే సంగతి. థైరాయిడ్ సమస్య, డిప్రెషన్, కొన్ని మందుల ప్రభావం వంటి కారణాలు ఉండవచ్చు కాబట్టి నేరుగా వైద్యులను కలవడం మంచిది. అటువంటివారికి కూడా ఈ ప్యాకేజీ పనికిరాదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టినది ఆ వాట్సాప్ గ్రూపు. చేరగానే అసలు పేరు, ఫొటో, ఊరు చెప్పి పరిచయం చేసుకోవాలని నిర్వాహకులు పట్టుబట్టారు; ‘దాక్కుంటే ధైర్యం ఎలా వస్తుంది’ అన్నారు. సభ్యులు తమ పెళ్లిచూపుల గురించి, విడిపోయిన బంధాల గురించి, అమ్మతో చెప్పలేకపోయిన మాటల గురించి అక్కడ రాసుకునేవారు. కొన్నాళ్లకు ఆ రాతల స్క్రీన్‌షాట్లే ‘మా సభ్యుల అనుభవాలు’ పేరుతో ప్రకటనలో వచ్చాయి. నేను రాసిన నాలుగు వాక్యాలు అందులో ఉన్నాయి. పేరు చెరిపారు గానీ, గుండ్రటి గడిలో ఉన్న నా ప్రొఫైల్ ఫొటోను అలాగే వదిలేశారు. మన కుటుంబాల్లో ఒక మనిషి గురించి ఇటువంటి సంగతి బయటపడితే ఆ మాట ఆ మనిషి దగ్గరే ఆగదు. చెల్లెలి సంబంధం దాకా, నాన్నగారు పని చేసే ఆఫీసు దాకా వెళుతుంది. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది నేను నిర్ణయించుకోవలసిన విషయం. బయటికి చెప్పుకోవడం ధైర్యమే; కానీ ఆ ధైర్యాన్ని డబ్బు చేసుకునే హక్కు ఇంకెవరికీ లేదు.

డబ్బు విషయానికి వస్తే, మూడు నెలల ప్యాకేజీ అని చెప్పి యూపీఐ ఆటోపే అనుమతి తీసుకుంటారు, గడువు తీరాక అది తనంతట తానే కొనసాగుతుంది. రద్దు చేసే మీట వారి యాప్‌లో ఎక్కడా కనిపించదు. మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగానికి వెళ్లి అక్కడినుంచే రద్దు చేసుకోండి. ఇలా చందాలో ఇరికించడం 2023 నవంబరులో కేంద్రం జారీ చేసిన డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లలో, వెబ్‌సైట్లలో కొనుగోలుదారులను మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం.

నేను ఆరా తీసినప్పుడు తెలిసిన ఇంకొక సంగతి తల్లిదండ్రులు తప్పక గమనించాలి. అదే ఫోన్ నంబరుతో, వేరే పేరుతో, ‘పెళ్లంటే ఇష్టపడని మీ పిల్లలకు పరిష్కారం’ అని అవే క్యాప్సూల్స్‌ను పెద్దవాళ్లకు అమ్ముతున్నారు. పిల్లలకు చెప్పకుండా పాలల్లో కలిపి ఇవ్వవచ్చని ఫోనులో సలహా కూడా ఇస్తున్నారు. ఏముందో తెలియని మందును ఎదిగిన బిడ్డకు తెలియకుండా పట్టించడం ప్రమాదం, అన్యాయం. అమ్మా, నాన్నా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ దయచేసి ఆ పని చేయకండి.

ఇటువంటి సేవ ఏది కొనేముందైనా సైకాలజిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు, సైకియాట్రిస్టులకు వైద్య మండలి నమోదు ఉండాలి. ‘ఏసెక్సువాలిటీని మార్చవలసిన విషయంగా మీరు చూస్తారా’ అని రాతపూర్వకంగా అడిగి, సమాధానం కూడా రాతలోనే తీసుకోండి. మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో ఎల్‌జీబీటీక్యూఐఏ ప్లస్ (స్వలింగ ఆకర్షణ ఉన్నవారు, ట్రాన్స్‌జెండర్, ఏసెక్సువల్ తదితర) వ్యక్తుల లైంగికతను వైద్యంతో మార్చే ప్రయత్నాలను నిషేధించాలని చెప్పింది. దాని కొనసాగింపుగా 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ప్రకటించింది. ఈ ఆదేశం వర్తించేది నమోదైన వైద్యులకు. వీరు ‘కోచ్’ అన్న పేరు పెట్టుకోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం. అయినా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నుంచి తప్పించుకోలేరు, ఎందుకంటే తప్పుదారి పట్టించే ప్రకటన ఎవరు చేసినా అది వర్తిస్తుంది. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామంటూ మందులకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఎప్పుడో నిషేధించింది.

మీలాంటివారితో మాట్లాడుకోవడమే మీకు కావలసినదైతే డబ్బు కట్టనక్కర్లేదు. ఏవెన్‌లో చేరడం ఉచితం. మన దేశంలో డాక్టర్ ప్రగతి సింగ్ ప్రారంభించిన ఇండియన్ ఏసెస్ అనే ఏసెక్సువల్ వ్యక్తుల వేదిక ఉంది. అక్కడ కూడా మొదట మారుపేరుతోనే చేరండి, ముఖం కనిపించే ఫొటో పెట్టకండి.

ఇప్పటికే ఈ ప్యాకేజీ కొన్నవారు ప్రకటన, చెల్లింపు రసీదు, చాట్లు, పౌచ్ అన్నీ భద్రపరచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. ఫొటో గానీ మాటలు గానీ వాడుకుని ఉంటే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో విడిగా ఫిర్యాదు చేయండి. ఆ ప్రకటన ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి, అది మీ ఫోనులో కనిపించిన వెంటనే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.