నల్గొండ కోర్టులో ఉచిత న్యాయ సహాయం: బెదిరింపుల మధ్య ఉన్న జంటకు దొరికే అండ

కులాంతర వివాహం చేసుకున్న మా బంధువుల అమ్మాయి అద్దె ఇంట్లోకి ఆమె పుట్టింటివారు చొరబడి, భర్తను కొట్టి, చంపుతామని బెదిరించిన తర్వాత, ఆమెకు తోడుగా నల్గొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాను. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట పట్టపగలు పరువు హత్య జరిగిన జిల్లా ఇది కాబట్టి, ఆ బెదిరింపును ఇంటి గొడవ అని సరిపెట్టుకోలేకపోయాం.

1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. మాకు నియమితులైన న్యాయవాది పైసా అడగలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మాయి చెప్పేది మధ్యలో ఆపకుండా విన్నారు. అంతకుముందు ఒక ఠాణాలో తమ పరిధి కాదంటూ, పెద్దమనుషుల్లో మాట్లాడుకొమ్మని మమ్మల్ని తిప్పి పంపారు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని పోలీసు, కోర్టు ప్రక్రియను నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని న్యాయవాది వివరించి, ఫిర్యాదు తానే రాసిచ్చారు. ఈసారి కేసు నమోదైంది.

సేవలో నాకు లోటు కనిపించలేదు. లోటు చట్టంలోనే ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు హత్య ప్రత్యేక నేరం కాదు. ఐదుగురు లేదా అంతకు మించిన గుంపు కులం వంటి కారణంతో హత్య చేస్తే 103వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ వర్తిస్తుంది కానీ, కన్నతండ్రి ఒక్క కిరాయి మనిషిని పంపితే అది మామూలు హత్యే. బాధితులు షెడ్యూల్డు కులానికో తెగకో చెంది, నిందితులు ఆ వర్గాలకు బయటివారైతే అట్రాసిటీ చట్టం ఆదుకుంటుంది. మా అమ్మాయి కేసులోలాగా ఇరువైపులా బీసీలే అయితే ఆ రక్షణా లేదు. పెళ్లిని అడ్డుకునేందుకు పంచాయితీ పెట్టడాన్నే నేరంగా చేయాలని లా కమిషన్ 2012లో సూచించినా, కొత్త సంహితలో దానికి చోటు దక్కలేదు. మిర్యాలగూడ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం పడింది నిజమే, అది కూడా ఆరున్నరేళ్ల తర్వాత, 2025 మార్చి 10న. ప్రాణం పోయాక పడే శిక్ష ఎంత కఠినమైనదైనా, బెదిరింపు దశలోనే ఆపగలిగే ఏర్పాటుకు అది సాటిరాదు.

అందుకే, ఈ సేవను ఆలస్యం చేయకుండా వాడుకొమ్మని గట్టిగా చెబుతున్నాను. ముందుగా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు. వెళ్లేటప్పుడు అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండినట్టు చూపే పదో తరగతి మెమోలు, ఆధార్ కార్డులు, పెళ్లి ఫొటోలు, బెదిరింపు సందేశాలు ఉన్న ఫోన్ తీసుకెళ్లండి. ఆ సందేశాలను చెరిపేయకండి.