హుయే నుంచి హోయి ఆన్‌కు బండి వెనక సీట్లో: హాయ్ వాన్ కనుమ కన్నా ముందు, అక్కడికి చేరే దారి గురించి అడగండి

మధ్య వియత్నాంలోని హాయ్ వాన్ కనుమ (కొండ దాటే ఘాట్ రోడ్డు) మొత్తం పొడవు 21 కిలోమీటర్లు. హుయేలో పొద్దున బయల్దేరి సాయంత్రానికి హోయి ఆన్ చేరే మోటార్‌సైకిల్ యాత్రేమో, దారిని బట్టి 130 నుంచి 150 కిలోమీటర్లు ఉంటుంది. ఏజెన్సీల బోర్డుల మీద, ఫొటోల్లో కనిపించేదంతా ఆ 21 కిలోమీటర్లే. పెట్టిన డబ్బు గిట్టిందా లేదా అన్నది మాత్రం మిగతా దూరంలో తేలుతుంది. కనుమ ఎక్కడానికి రోడ్డు ఒక్కటే, ఎవరు తీసుకెళ్లినా అదే. కనుమ దాకా చేరడానికి మాత్రం రెండు దారులున్నాయి. ఆ రెంటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

మొదటిది జాతీయ రహదారి 1. హనోయి నుంచి హోచిమిన్ నగరం వైపు పోయే లారీలు, స్లీపర్ బస్సులు చాలావరకు దీని మీదే. హుయే నుంచి కనుమ మొదట్లో ఉన్న లాంగ్ కో ఊరి దాకా గంటన్నరలో తోసుకుపోవచ్చు. చూడ్డానికి పెట్రోలు బంకులు, లారీల వెనక తలుపులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. రెండోది 49బి రోడ్డు. హుయే నుంచి తూర్పుగా వెళ్లి, 1776లో కట్టిన థాన్ తోవాన్ పెంకుల కప్పు వంతెన దగ్గర ఆగి, థువాన్ ఆన్ దగ్గర సముద్రపు ఒడ్డు పట్టుకుని దక్షిణంగా సాగే దారి ఇది. ఎడమ చేతి వైపు ఇసుక దిబ్బల వెనక సముద్రం, కుడి చేతి వైపు తామ్ జాంగ్ – కౌ హాయ్ ఉప్పునీటి సరస్సు. పులికాట్‌కూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట ఎలా ఉందో ఈ నేల పట్టీ కూడా అలాంటిదే, కాకపోతే ఇంకా సన్నం. సరస్సు పొడవు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నీళ్లలో వరసలుగా పాతిన కర్రలు, వాటికి కట్టిన వలలు, గట్టు మీద రొయ్యల చెరువులు. భీమవరం, కైకలూరు వైపు వాళ్లకు ఈ చెరువులు కొత్తేమీ కాదు, తిరిగే ఏరేటర్లతో సహా.

ఈ దారిలోనే ఆన్ బాంగ్ అనే ఊరుంది. విదేశాలకు వెళ్లి స్థిరపడినవాళ్లు పంపిన డబ్బుతో పూర్వీకులకు కట్టించిన సమాధులు ఇక్కడ ఇసుకలో కిలోమీటర్ల పొడవునా ఉంటాయి. ఒక్కోటీ చిన్న రాజభవనంలా, రంగురంగుల పింగాణీ ముక్కలు అతికించిన డ్రాగన్లతో. డాలర్లు వచ్చే ఊళ్లలో మన దగ్గర పెద్ద పెద్ద ఇళ్లు లేస్తాయి, అక్కడ సమాధులు లేచాయి. అది శ్మశానమని మర్చిపోకుండా, ఎక్కి కూర్చుని ఫొటోలు తీసుకోకుండా ఉంటే చాలు, ఎవరూ అడ్డు చెప్పరు.

చివరన తూ హియెన్ వంతెన దాటాక దారి మళ్లీ రహదారి 1లో కలుస్తుంది. మొదటి దారి కన్నా దీనికి గంట, గంటన్నర ఎక్కువ పడుతుంది. అందుకే తొందరలో ఉన్న గైడు దీన్ని వదిలేస్తాడు. బుక్ చేసేటప్పుడు "హాయ్ వాన్ చూపిస్తారా" అని అడగడం దండగ, ఎవరైనా చూపిస్తారు. "49బి మీదుగా, తూ హియెన్ వంతెన దాటి వెళ్తామా" అని అడిగి, అవునన్న జవాబును మెసేజ్‌లో రాయించుకోండి. కొందరు అదే ధరకు ఒప్పుకుంటారు, కొందరు కొంచెం ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి.

లాంగ్ కోకు ముందు ఫూ జా అనే చిన్న కనుమ వస్తుంది. ఇప్పుడు దానికింద సొరంగం ఉంది కాబట్టి పాత రోడ్డు దాదాపు ఖాళీ. పైనుంచి లాప్ ఆన్ సరస్సు, దాని వెనక బాక్ మా కొండలు ఒకేసారి కనిపిస్తాయి. నీళ్లలో పాత టైర్లు వేలాడదీసి వాటి మీద ఆల్చిప్పలు పెంచుతారు, ఒడ్డున గుట్టలుగా పడున్న టైర్లు అందుకే. సరస్సును చుట్టి వచ్చే చిన్న కాంక్రీటు రోడ్డు మీద అరగంట తిప్పమనండి. లారీ అన్నదే కనబడదు.

సూయ్ వోయ్ అనే ఏనుగు బండల సెలయేరు కూడా చాలామంది జాబితాలో ఉంటుంది. ఈత కొట్టాలనుంటే ఎండాకాలంలో బాగుంటుంది గానీ శని, ఆదివారాల్లో స్థానికుల రద్దీ ఎక్కువ. బట్టలు మార్చుకోవడంతో కలిపి గంటన్నర పోతుంది. అక్కడ ఆగితే, కనుమ అవతలి డా నాంగ్ నగరం దగ్గరి పాలరాతి కొండలను వదులుకోవాలి. రెండూ పెట్టుకున్నవాళ్లు రెంటినీ పరుగు మీదే చూస్తారు.

భోజనం మామూలుగా లాంగ్ కోలోనే, సరస్సు మీద కర్రలు పాతి కట్టిన హోటళ్లలో. సముద్రపు సరుకును ఇక్కడ కిలోల లెక్కన అమ్ముతారు. మెనూలో ధర లేకపోతే తూకం వేసేముందే కిలో ఎంతో, మనకు వేసేది ఎంతో అడగాలి, వండాక అడిగి లాభం లేదు. శాకాహారులు నేర్చుకోవాల్సిన మాట "చాయ్". అక్కడ దానర్థం టీ కాదు, శాకాహారం. "తోయ్ అన్ చాయ్" అంటే నేను శాకాహారం తింటాను అని. అయినా కూర మీద చేపల సాస్ నువాక్ మామ్ పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, అది వాళ్లకు మన ఉప్పులాంటిది. సోయా సాస్ వేయమని విడిగా చెప్పించాలి. "బో" అంటే గొడ్డు మాంసం, "హెయో" పంది, "గా" కోడి. హుయే పేరుతో ప్రసిద్ధమైన బున్ బో నూడుల్స్‌లో మొదటి రెండూ ఉంటాయి. చాంద్రమాన నెలలో పాడ్యమి, పౌర్ణమి రోజుల్లో చాలామంది బౌద్ధులు శాకాహారమే తింటారు కాబట్టి ఆ రోజుల్లో హుయేలో తిండికి ఇబ్బంది ఉండదు.

ఇక కనుమ. రోడ్డు ఎత్తు గరిష్ఠంగా 496 మీటర్లు. సంఖ్య చూస్తే చిన్నదే, కానీ సముద్ర మట్టం నుంచే ఎక్కడం మొదలవుతుంది కాబట్టి మొత్తం ఎత్తంతా కళ్లముందే లేస్తుంది. 2005లో 6 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తెరిచాక బస్సులు, కార్లు, లారీలు కిందికి మళ్లాయి. మోటార్‌సైకిళ్లను సొరంగంలోకి నడుపుకుంటూ వెళ్లనివ్వరు. పెట్రోలు ట్యాంకర్లు, పశువుల లారీలు కూడా పైనుంచే పోవాలి. అంటే రోడ్డు ఖాళీగా ఉందనుకుని మలుపులో గీత దాటితే ఎదురయ్యేది ట్యాంకరే. తిరుమలలోలా ఎక్కడానికో దారి, దిగడానికో దారి ఇక్కడ లేవు.

దిశ విషయం చాలామంది ఆలోచించరు. వియత్నాంలో బండ్లు కుడివైపున నడుస్తాయి. హుయే నుంచి దక్షిణంగా వస్తే సముద్రం ఎడమ పక్కన, అంటే ఎదురొచ్చే వరస అవతల ఉంటుంది. డా నాంగ్ నుంచి ఉత్తరంగా పోతే మన వరసే సముద్రం అంచున ఉంటుంది, ఫొటో కోసం ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు. కనుమ ఒక్కటే ముఖ్యమనుకుంటే హోయి ఆన్ నుంచి హుయేకు వెళ్లడమే మేలు. ప్రయాణం చివర దీపాల హోయి ఆన్‌లో విశ్రాంతిగా ఉండాలనుకునేవాళ్లు మాత్రం హుయే నుంచే రండి, ఆగే చోట గైడు ముందే వేగం తగ్గించి దాటిస్తాడు.

శిఖరం మీద 1826లో మిన్ మాంగ్ చక్రవర్తి కాలంలో కట్టిన హాయ్ వాన్ క్వాన్ ద్వారం ఉంది. చుట్టూ ఫ్రెంచివాళ్ల, అమెరికన్ల కాలపు కాంక్రీటు బంకర్లు. చాలాకాలం మూసి మరమ్మతు చేసి 2024లో మళ్లీ తెరిచారు. హాయ్ వాన్ అంటే సముద్రం, మేఘం. పేరు ఊరికే రాలేదు. ఉత్తరపు గాలి తెచ్చే మబ్బును ఈ కొండ వరస ఆపేస్తుంది కాబట్టి హుయే వైపు జల్లు పడుతుంటే డా నాంగ్ వైపు ఎండ కాస్తుంది. శిఖరం మీద పదడుగుల అవతల ఏమీ కనబడకపోతే కంగారుపడి తిరిగిపోకండి. రెండు, మూడు కిలోమీటర్లు కిందికి దిగితే చాలాసార్లు తెర తీసినట్టు డా నాంగ్ అఖాతం బయటపడుతుంది. పైన కొట్లవాళ్లు కాఫీకి, కొబ్బరి బోండాకి ఊళ్లో కన్నా ఎక్కువ తీసుకుంటారు. బలవంతంగా కూర్చోబెట్టే చోట కొనకుండా, ద్వారం చూసి దిగిపోవడమే మంచిది.

బండి మనమే నడపాలా, వెనక కూర్చోవాలా? మన రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందిది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కిందిదాన్ని. అందుకని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తీసుకున్న పర్మిట్ అక్కడ చెల్లదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల పర్మిట్ కథా అంతే. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు 1968 రకం తీసుకోవచ్చు, కాకపోతే అందులో మోటార్‌సైకిల్ వర్గం ఉండాలి. అద్దె కొట్టువాడు లైసెన్సు అడగడు, కాబట్టి చెల్లుతుందనుకుంటారు. తేలేది పోలీసు ఆపినప్పుడు, అంతకన్నా ఘోరంగా ప్రమాదం జరిగినప్పుడు. చెల్లే లైసెన్సు లేదని తెలిస్తే ప్రయాణ బీమా కంపెనీ ఆస్పత్రి ఖర్చు ఇవ్వదు. గైడు ముందు నడుస్తుంటే వెనక మన బండిలో వెళ్లే రకం యాత్రకూ ఇదే వర్తిస్తుంది, గైడు లైసెన్సు మనకు పనికిరాదు. అందుకే మన లైసెన్సు ఉన్నవాళ్లకు మిగిలే సరైన దారి, అక్కడివాళ్లు ఈజీ రైడర్ అని పిలిచే పద్ధతి: స్థానికుడు నడుపుతాడు, మనం వెనక కూర్చుంటాం. ఇద్దరు వెళ్తే రెండు బండ్లు.

చెల్లే పర్మిట్ ఉండి నడిపేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆటోమేటిక్ స్కూటర్‌కు దిగుడులో ఇంజిన్ పట్టు తక్కువ. బ్రేకు నొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు తప్పుతుంది. క్లచ్ లేకుండా కాలితో గేర్లు మార్చే హోండా బండ్లు (ఒకప్పటి హీరో హోండా స్ట్రీట్ గుర్తున్నవాళ్లకు తెలుస్తుంది) రెండో గేరులోనో మూడో గేరులోనో వాటంతటవే వేగం అదుపులో పెట్టుకుంటాయి. చుక్క మద్యం కూడా తాగకూడదు, అక్కడ మినహాయింపు పరిమితి అంటూ లేదు.

వెనక కూర్చునేవాళ్లు బయల్దేరేముందు చూడాల్సినవి కొన్నే. ఒకరికి కనీసం 125 సీసీ, బరువైనవాళ్లకు 150 సీసీ బండి. అడుగు పెట్టుకునే రెండు ఫుట్‌రెస్టులూ గట్టిగా ఉన్నాయా, వెనక టైరుకు గాడులు మిగిలాయా. టోపీలాంటి సగం హెల్మెట్ ఇస్తే వద్దని, చెవులు కప్పేది, ముందు అద్దం ఉన్నది అడగాలి. బ్యాగును మన వెనక క్యారియర్ మీద ఎలాస్టిక్ తాళ్లతో కడతారు, అదే మనకు ఆనుడు కూడా. 60 లీటర్ల బ్యాగు దాకా సమస్య లేదు. చక్రాల సూట్‌కేసు అయితే విడిగా బస్సులో పంపుతారా అని ముందురోజే తేల్చుకోవాలి. ఎక్కడం, దిగడం ఎడమ వైపునుంచే. కుడి వైపు వేడి సైలెన్సర్ ఉంటుంది, నిక్కరు వేసుకున్నవాళ్ల పిక్క మీద మచ్చ పడేది అక్కడే. వానకు గాలికెగిరే పోంచో వద్దు, దాని అంచు వెనక చక్రంలో చిక్కుకుంటుంది. ప్యాంటు, చొక్కా విడివిడిగా ఉండే రెయిన్‌కోటు తీసుకెళ్లండి. పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టుగా ఇవ్వొద్దు.

వేగం ఎక్కువనిపిస్తే మొహమాటపడకండి. "ఆన్ ఓయ్" అంటే అచ్చంగా మన "అన్నా" అని పిలవడమే, తర్వాత "చమ్ లాయ్" అంటే మెల్లగా అని. వరస కలిపి పిలిస్తే అక్కడా పని జరుగుతుంది.

రోజు మొత్తానికి ఒకరికి 50 నుంచి 70 డాలర్ల దాకా అవుతుంది. భోజనం, ప్రవేశ టికెట్లు సాధారణంగా వేరు. రూపాయికి సుమారు 300 డాంగ్ అని లెక్క పెట్టుకోండి. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వచ్చినవారికి హుయే – డా నాంగ్ రైలు ఉంది. కనుమ కింద సముద్రపు అంచునే పోతుంది, ఖర్చు బండి యాత్రలో పదో వంతు. సముద్రం వైపు కిటికీ దొరకాలి, అంతే.

కాలం మార్చి నుంచి ఆగస్టు. జూన్ తర్వాత ఎండ మన కోస్తా ఎండలాగే ఉంటుంది, ఏడింటికే బయల్దేరాలి. అక్టోబరు, నవంబరు ఇక్కడ తుపానుల, వరదల నెలలు, కనుమ మీద కొండచరియలు పడతాయి. ఆ నెలల్లో వస్తే, రోడ్డు మూస్తే డబ్బు వెనక్కిస్తారా అని రాతలో తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

బసకు హుయేలో నది దక్షిణపు ఒడ్డు. ఫామ్ ఙూ లావ్, వో థీ సావ్ వీధులు శుక్రవారం నుంచి ఆదివారం దాకా రాత్రి బాగా మోత, రెండు వీధులు అవతల గది తీసుకుంటే నిద్ర పడుతుంది. లాంగ్ కోలో ఒక రాత్రి ఆగడం సముద్రం తప్ప ఏమీ అక్కర్లేనివారికే. హోయి ఆన్‌లో పాత ఊరికీ ఆన్ బాంగ్ బీచికీ మధ్య పొలాల వైపు హోమ్‌స్టేలు డబ్బుకు తగ్గవి (ఈ ఆన్ బాంగ్, ఆ సమాధుల ఊరు వేరు). అక్కడి నుంచి మరుసటి రోజు మీ సన్ వెళ్లొచ్చు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శివుడికి, భద్రేశ్వరుడి పేరుతో, కట్టిన ఇటుక గుళ్లు. 2020లో మన పురావస్తు శాఖ బృందం పనిచేస్తుండగా ఏకశిలా శివలింగం బయటపడింది ఇక్కడే.

హోయి ఆన్ పాత ఊళ్లోకి పగలు కొన్ని గంటలు, సాయంత్రం నుంచి రాత్రి దాకా బండ్లు రానివ్వరు. గది ఆ వీధుల లోపల ఉంటే బ్యాగు మోసుకుని నడవాల్సిందే. సందుల్లోని ఇళ్లకు 12/5 అన్నట్టు గీత పెట్టిన నంబర్లుంటాయి, ముందరి అంకె సందు మొదలయ్యే చోటుది, వెనకది ఇంటిది. ఆ నంబరు పూర్తిగా, హోటల్ ఫోన్ నంబరుతో సహా, పొద్దున బయల్దేరేముందే గైడుకు పంపేయండి.