బయట నిలిపే స్పోర్ట్స్ కారు: ఇంజిన్ వేడి చూడ్డానికి ఏది మేలు?

గ్యారేజీ లేక స్పోర్ట్స్ కారును ఆరుబయట నిలిపేవాళ్లకు మొదటి బెంగ పెయింటు మీదే. ఎండకి వెలిసిపోతుందేమో, పిట్టల రెట్టలకు మచ్చలు పడతాయేమో అని. నన్నడిగితే అంతకంటే ముందు పట్టించుకోవాల్సింది ఇంజిన్ వేడి. ఎందుకంటే బయట నిలిచిన కారులోకి ఆకులు చేరి, ఇంజిన్‌ని చల్లబరిచే గాలికి అడ్డుపడతాయి.

పోర్షా 911నే తీసుకోండి. ఇంజిన్ వెనక ఉంటుంది, నీళ్లతో చల్లబడే మోడళ్లలో రేడియేటర్లు మాత్రం ముందు బంపర్ మూలల్లో ఉంటాయి. బంపర్‌కి రెండు పక్కలా ఉన్న గాలి దారుల్లోంచి ఎండుటాకులు లోపలికి దూరి, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కి (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీకి) ఆనుకుని పేరుకుపోతాయి. పైనుంచి వాన పడితే అదంతా నల్లటి ముద్ద అవుతుంది. టార్చి వేసి వంగి చూస్తే తప్ప కనబడదు. ఆ ముద్ద గాలిని ఆపేస్తుంది, తడిని పట్టి ఉంచి అల్యూమినియం రెక్కల్ని తినేస్తుంది. బాక్స్‌టర్‌దీ ఇదే పరిస్థితి.

మరి కవరు కప్పాలా, పైకప్పు ఉన్న షెడ్డు చాలా? వీలుంటే షెడ్డే మేలు. కవరు గాలికి కొట్టుకుంటుంది, కింద దుమ్ము ఉంటే అది ఉప్పు కాగితంలా పెయింటు మీద గీతలు పెడుతుంది. కవరు తప్పదంటే గాలి ఆడే రకమే కొనండి. ప్లాస్టిక్ పట్టా తడిని లోపలే బంధిస్తుంది. ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా చల్లారాకే కప్పాలి.

ఇక అసలు పోటీ మీటర్ల మధ్య. డాష్‌బోర్డులో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి చూపే ముల్లు మధ్యలో ఉంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. చాలా కార్లలో ఆ ముల్లును కావాలనే మొద్దుగా చేస్తారు. వేడి 80 డిగ్రీలున్నా 105 డిగ్రీలున్నా అది మధ్యనే నిలబడుతుంది. చిన్న చిన్న మార్పులకే డ్రైవరుకి టెన్షన్ రాకూడదని అలా పెట్టారు. ఆకులు అడ్డుపడి వేడి మెల్లగా ఎక్కే కారుకి ఇది పనికిరాని సాక్షి. ముల్లు కదిలేసరికే ఆలస్యమైపోతుంది.

ఓబీడీ రీడర్ (కారులోని సాకెట్‌లో గుచ్చితే కారు కంప్యూటర్ అంకెల్ని చదివే చిన్న పరికరం) పెట్టుకుంటే అదే సెన్సార్ చెప్పే అంకె ఫోన్లో కనబడుతుంది. రోజూ 92 దగ్గర నడిచే కారు అదే దారిలో, అదే వాతావరణంలో 101 చూపిస్తుంటే బంపర్‌లోకి టార్చి వేయాల్సిన రోజు వచ్చినట్టే. ధర తక్కువ, వైరు కోయాల్సిన పని లేదు. కాకపోతే కూలెంట్ బాగా కారిపోయి సెన్సార్ చుట్టూ నీళ్లు లేకపోతే అంకె తప్పుగా, తక్కువగా కూడా రావచ్చు. అందుకే కూలెంట్ ట్యాంకులో మట్టం కంటితో చూసుకోవడం మానకూడదు.

మూడోది ఆయిల్ వేడి మీటరు. గట్టిగా తోలేవాళ్లకి నా ఓటు దీనికే. కూలెంట్ వేడెక్కిన చాలాసేపటికి గానీ ఆయిల్ వేడెక్కదు. కూలెంట్ 90కి చేరినా ఆయిల్ ఇంకా 60 దగ్గరే ఉండొచ్చు, అప్పుడే ఇంజిన్‌ని రెడ్‌లైన్‌కి (అది తిరగగల గరిష్ఠ వేగానికి) లాగితే బేరింగులు అరుగుతాయి. కొన్ని కార్లలో ఓబీడీలోనే ఆయిల్ వేడి కూడా వస్తుంది, ముందు అది చూసుకోండి. రాకపోతేనే విడిగా సెన్సార్ వేయించాలి.

నిలిపి ఉంచిన కారుకీ ఈ అంకె అవసరమే. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగినచోటే నడిపి ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. దానికంటే ముట్టుకోకుండా వదిలేయడం నయం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఎక్కువ భాగం పొగతో పోయినా, చల్లటి ఇంజిన్‌లో కొంత ఆయిల్‌లోకీ, కొంత సైలెన్సర్‌లోకీ చేరి అక్కడే నిలిచిపోతుంది. ఆయిల్ మూత లోపల లేత కాఫీ రంగు నురగ కనబడితే అది ఈ తడే కావచ్చు. నడిపితే ఆయిల్ 90 దాటి కాసేపు అక్కడే ఉండేలా అరగంటైనా రోడ్డు మీద తోలండి. అంత తీరిక లేకపోతే బ్యాటరీకి మెయింటెయినర్ (ఛార్జి తగ్గకుండా చూసే చిన్న ఛార్జర్) తగిలించి, టైర్లలో గాలి సరిచూసి, కారుని దాని మానాన వదిలేయండి.

మీటర్ కొనడానికి ఒక్కదానికే డబ్బుంటే ఓబీడీ రీడరే కొనండి. ఇంటికి రాగానే దాన్ని పీకి జేబులో వేసుకోవాలి. సాకెట్‌లోనే ఉంచేస్తే, నెలల తరబడి నిలిచే కారులో బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగేస్తుంది.