మూడు బోర్డులు మార్చిన మా గ్రామీణ బ్యాంకు

ఖమ్మం జిల్లాలో మా ఊరి గ్రామీణ బ్యాంకు బ్రాంచికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. తగ్గిన ఆ ఒక్కటీ బ్రాంచి వాళ్లది కాదు, పైన కూర్చుని పేర్లు మార్చేవాళ్ల ఖాతాలో రాసుకోండి.

మా బీరువాలో మూడు పాసుపుస్తకాలున్నాయి. తాతదీ నాన్నదీ నాదీ, బ్రాంచి ఒకటే, అట్ట మీద పేర్లు మాత్రం మూడు. తాతది నాగార్జున గ్రామీణ బ్యాంకు, లోపల ఎంట్రీలన్నీ చేత్తో రాసినవి. అది 1976లో ఖమ్మం హెడ్డాఫీసుగా మొదలై ఖమ్మం, నల్గొండ జిల్లాల్లో నడిచింది. 2006 మార్చి 31న దాన్నీ కాకతీయ, మంజీర, సంగమేశ్వర, శ్రీవిశాఖ బ్యాంకుల్నీ కలిపేసి, వరంగల్ హెడ్డాఫీసుగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు చేశారు. శ్రీకాకుళానికీ మహబూబ్‌నగర్‌కీ ఏం చుట్టరికమయ్యా అంటే, ఐదింటికీ స్పాన్సర్, అంటే వాటా పెట్టి వెనక నిలబడే పెద్ద బ్యాంకు, స్టేట్ బ్యాంకే, అంతే. రాష్ట్రం విడిపోయాక కూడా పదేళ్లు రెండు రాష్ట్రాల్లోనూ అదే బోర్డు, అంటే తెలంగాణ ఊళ్లో 'ఆంధ్రప్రదేశ్' అని పెద్దక్షరాలతో! 2025 జనవరి 1న ఇక్కడి బ్రాంచిలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, నా పాసుపుస్తకం ఆ పేరుది.

బోర్డు మారిన ప్రతిసారీ మా వీధిలో పెద్దవాళ్లకి ఒకటే టెన్షన్, 'ఇది గవర్నమెంటుదేనా, మన డబ్బులు ఉంటాయా?' అని. గవర్నమెంటుదే. కేంద్రానికి 50 శాతం, స్పాన్సర్ బ్యాంకుకి 35, రాష్ట్రానికి 15. పైగా 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్సు, వడ్డీతో కలిపి.

ఇక సర్వీసు. యాప్ చూసి బ్యాంకుని ఎంచుకునేవాళ్లకి నేనేం చెప్పను. సంతకం రాని పెద్దావిడ వస్తే విత్‌డ్రాయల్ ఫారం నింపి, వేలిముద్ర వేయించి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి చేతిలో పెట్టే క్లర్కు కావాలంటే ఇక్కడికి రండి. పొదుపు సంఘం ఆడవాళ్లు తీర్మానం పుస్తకంతో వచ్చి కూర్చుంటే ఎవరూ విసుక్కోరు. పంట రుణం రెన్యువల్ గడువు దగ్గరపడితే నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్తారు, 3 లక్షల లోపు అప్పు టైముకి కడితే 7 శాతం వడ్డీలో 3 శాతం తగ్గుతుంది కదా, గడువు దాటితే ఆ లాభం పోయినట్టే.

విలీనం అప్పుడు కష్టపడింది నేనొక్కణ్ణే అనుకుంటా, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ (డబ్బు పంపడానికి వాడే బ్రాంచి కోడు) తీసుకోమని గోడ మీద కాగితం అంటించినా చదవకుండా పాతదే ఆఫీసులో ఇచ్చా, జీతం నాలుగు రోజులు గాల్లో ఉంది.

వెళ్లేవాళ్లకి ఒక మాట: పెన్షన్లు పడే రోజుల్లోనూ మిర్చి డబ్బులొచ్చే సీజన్లో సోమవారాలూ వద్దు, మామూలు రోజు పదిన్నరకి వెళ్లండి. ఆధార్ జిరాక్స్ ఇంటి నుంచే తీసుకెళ్తే నయం, కరెంటు పోతే ఎదురు షాపు మిషన్ పని చేయదు.