గొర్రెల మందకు జర్మన్ షెపర్డా, ఊరి కుక్కా?

కళ్యాణదుర్గం వైపు మందలు మేపే ఇళ్లలో కుర్రాళ్లు అడిగే మాట ఇది: "పేరులోనే కాపరి ఉంది కదా, జర్మన్ షెపర్డ్ తెద్దామా?"

పని: అది నిజంగానే గొర్రెల కుక్క. 1899లో మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ జర్మనీ కాపరుల కుక్కల నుంచే ఈ జాతిని స్థిరపరిచాడు. చేను అంచున అటూ ఇటూ తిరుగుతూ, గొర్రెలు పైరులో పడకుండా కంచెలా కాస్తుంది. మన ఊరి కుక్క మందను తోలదు, రాత్రి అలికిడి అయితే మొరిగి లేపుతుంది. తోడేళ్లు తిరిగే చోట అదే పెద్ద అండ.

ఖర్చు: షెపర్డ్ పిల్లకే వేలు పోయాలి, మేత కూడా ఎక్కువ. ఊరి కుక్కకు సంగటి, మజ్జిగ, అప్పుడప్పుడు గుడ్డు.

ఎండ: నన్ను ఆపేది ఇదే. షెపర్డ్‌కు రెండు పొరల బొచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం నీడలేని బీడులో దాన్ని తిప్పడం హింసే. ఊరి కుక్కది పొట్టి బొచ్చు, ఈ ఎండలోనే పుట్టి పెరిగింది.

శ్రమ: షెపర్డ్‌కు నెలల తరబడి శిక్షణ కావాలి. లేకపోతే గొర్రెలను తరుముతుంది, చూడి గొర్రెలు ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. ఊరి కుక్కపిల్లనైతే చిన్నప్పుడే గొర్రెపిల్లల మధ్య పెంచాలి.

రెండింటికీ ఏటా రేబిస్ టీకా, మూడు నెలలకోసారి నట్టల మందు తప్పవు. చచ్చిన గొర్రె తలకాయ మాత్రం వేయొద్దు. అందులోని నట్ట కుక్క ద్వారా మేతలో కలిసి, గొర్రెలు గుండ్రంగా తిరిగి చచ్చే జబ్బు తెస్తుంది.

షెడ్డు, నీడ, నేర్పే ఓపిక ఉండి ఒకేచోట మేపేవాళ్లకు షెపర్డ్ సరిపోతుంది. ఊరూరా తిరిగి పొలాల్లో మంద ఆపేవాళ్లకు ఊరి కుక్కే.